ఫ్యాను ఆగినంతసేపు

తేట, కూర్పు 31

మార్పులు: చేతి తెర మీద పేజీ కుడి అంచు తెగిపోవడం ఆగింది. పట్టికల గీతలు ఇక వంకర పోవు. పంపుల లెక్కలు చూసుకునేవాళ్లు నన్ను తిట్టాలంటే వేరే కారణం వెతుక్కోవాలి.

మార్పుల చిట్టాలో ఇంతే రాయాలని కోటేశ్వరి మాట. ఆమె ఆరో గనిలో ఉంటుంది. ఫైళ్లు తెరిచి చూపించే మా 'తేట'లో పేజీ కూర్పు కోడు మొత్తం ఆమె చేతిదే. ఏ మాట ఏ వరుసలో పడాలి, వరుస ఎక్కడ విరగాలి, పేజీ ఎక్కడ ముగియాలి, అన్నీ ఆ కోడే చూసుకుంటుంది. ఒకసారి రాసింది, అన్ని గనులవాళ్లూ అదే తీసుకుని తమ తెరలకు తగిలించుకుంటున్నారు. బడి గోడ మీది పెద్ద తెరకూ అదే, పంపు మనిషి మణికట్టు మీది చిన్న తెరకూ అదే. కంపెనీ ఫైళ్ల తాళం తీసే పని నాది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. గనుల మధ్య పాత ఫోను తీగ ఉంది, వారానికి ఒక పూట మా వంతు వస్తుంది. ఆ పూటే కోడు ఇచ్చిపుచ్చుకుంటాం, ఆ పూటే పోట్లాడుకుంటాం.

"ఏందక్కా, చిట్టాలో నీ సంసారమంతా ఎక్కిస్తన్నావు? ఊరూరా చదువుతారు," అంది మొన్న.

"సదువనీ. సదివేటోళ్ల కోసమే గద తేట చేసింది," అన్నాను.

కాబట్టి రాస్తాను. పైన ఎండలు మనిషిని నిలవనివ్వకుండా అయ్యాక మేమంతా పాత బొగ్గు గనుల్లోకి దిగాం. కంపెనీవాళ్లు మాత్రం తాళం వేసుకుని చల్లటి దేశాలకు పోయారు. పోయిన ఏడు అక్కడి నుంచే తమ అద్దాన్ని కూడా చంపేశారు. అద్దం అంటే ఫైళ్లు చూపించే యంత్రం. మా పెళ్లి ఫొటోలు, పిల్లల పాఠాలు, మందుల చీటీలు అన్నీ ఆ అద్దానికే అర్థమయ్యే ఫైళ్లలో ఉన్నాయి. ఇప్పుడు ఏది తెరిచినా 'అనుమతి కోసం వేచి ఉండండి' అంటుంది. ఎవరి అనుమతి? అడుగుదామంటే పైన కాకి కూడా లేదు. ఆ కోపంతోనే తేట పుట్టింది. దీన్ని ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగు చేయొచ్చు, పక్కవాడికి ఊరికే ఇచ్చేయొచ్చు.

నా కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. దాని పేరు పోశం. నా పెనిమిటి.

కూర్పు 32

మార్పులు: ఖాళీ వరుసలు ఇక కనిపించవు. రెండు పేరాల మధ్య ఎంత ఖాళీ ఉన్నా కోడు మింగేసి దగ్గరికి లాగుతుంది. ఇంకొకటి కూడా చేశాం. కంపెనీ అద్దం ప్రతి ఫైలు చివరా ఊరికే ఖాళీ పేజీలు అతికించేది, ఫైలు లావుగా ఉంటే అద్దె ఎక్కువ గుంజవచ్చని. అందుకని వరుసగా మూడు ఖాళీ పేజీలు తగిలితే తేట అక్కడితో 'సమాప్తం' అనేస్తుంది.

గనులన్నీ చేతులెత్తి ఒప్పుకున్న మార్పు ఇది. మా దగ్గర ఖాళీ అంటే వృథా. మంచం వేసుకునే చోటు కోసం పంచాయితీ నడిచే ఊళ్లు మావి. గోడకు ఇంత సందు కనిపిస్తే పుట్టగొడుగుల బుట్ట వేలాడదీస్తాం. అలాంటివాళ్లం తెర మీద ఖాళీని ఊరుకుంటామా?

ఇవాళ గాలి వడకట్టే గుడ్డలు ఉతికే వంతు నాది. బొగ్గు పొడి పట్టి బండల్లా ఉన్నాయి. ఉతుకుతూ ఉంటే గనికి గాలి తోలే ఫ్యాను చూసుకునే ఓదెలన్న వచ్చి చెవిలో అరిచి కబురు చెప్పాడు. పదకొండో గనివాళ్లు చేసిన కొత్త ఫ్యాను వచ్చేస్తోంది. రెండు మోటార్లది. ఒకదానికి గ్రీజు పెడుతుంటే రెండోది తిరుగుతుంది. అంటే ఇక ఎప్పటికీ ఆగదు.

"పిల్లల దగ్గు తగ్గుతది సారక్కా," అన్నాడు సంబరంగా.

"మంచిదే గదన్నా," అన్నాను. తర్వాత గుడ్డ పిండుతూ పిండుతూ ఆగిపోయాను. ఫ్యాను ఆగకపోతే పోశం కథ ఎప్పుడు చదువుతాం?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా పెద్ద ఫ్యాను మోత ఎలాంటిదంటే, మొగుడూ పెళ్లాం కొట్లాడుకోవాలన్నా చెవిలో అరుచుకోవాలి. మైకు పెట్టినా వినిపించదు. శనివారం సాయంత్రం మాత్రం గ్రీజు పెట్టడానికి ఆపుతారు. చాయ్ కాగి చల్లారేంత సేపు. దిగిన కొత్తలో ఆ సేపంటే అందరికీ భయం. గాలి నిలిచిపోతుందని, ఊపిరి అందదని పిల్లలు ఏడ్చేవారు, పెద్దలు ఏడవలేక కూర్చునేవారు. అప్పుడు పోశం మైకు ముందు కూర్చుని కథ మొదలుపెట్టాడు. సైకిలు రిపేరు కనకయ్య గని మూతి దగ్గర సైకిలెక్కి సముద్రం చూడటానికి బయలుదేరతాడు. వారానికో పంక్చరు. వారానికో ఊరు. మా ఊళ్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ కనకయ్యే దిక్కు.

పోయిన ఏడు పైన గాలి బావి మూతి బాగుచేయడానికి పోయి పోశం ఎండదెబ్బకు అక్కడే పడిపోయాడు. చివరి భాగం రాసి ఫైల్లో పెట్టాడు, చదవలేదు. అద్దం చచ్చాక దానికీ తాళం పడింది. కనకయ్య సముద్రం చూశాడో లేదో ఎవరికీ తెలియదు. పాత ఫ్యాను చివరిసారి ఆగే రోజు దాన్ని చదవాలి. ఆ రోజు దాటితే మా ఊళ్లో మాట వినపడే సమయం అంటూ ఉండదు.

కూర్పు 33

మార్పులు: తాళం విడిపోయింది! పోశం ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి.

పొద్దున్నే నీళ్ల వంతు కూడా వదిలేసి చివరి భాగం తెరిచాను. అతని మాటలు వరుసగా, ఒకదాని వెనుక ఒకటి, దగ్గర దగ్గరగా. కనకయ్య ఆఖరి దిబ్బ ఎక్కుతాడు. చివరి వాక్యాలు ఇవి: "సైకిలు దిగిండు. స్టాండు ఏసిండు. నిలవడి విన్నడు."

దాని కింద 'సమాప్తం' అని తేట రాసింది.

ఏం విన్నాడు? ఎక్కడ నిలబడ్డాడు? సముద్రమేదీ? పైకీ కిందికీ ఎన్నిసార్లు జరిపి చూశానో. ఇంకేం లేదు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. చెప్పకుండా పైకి పోయినవాడు కథను కూడా సగంలో వదిలేసి పోయాడు.

పక్కింటి రాజవ్వ గోడకు ఆనుకుని నా చెవిలో అరిచింది, "దొరికిందా బిడ్డ?"

"దొరికింది, కానీ సగమే ఉందవ్వా."

"మరి మిగిలింది నువ్వు రాయరాదు? ఆని పెండ్లానివి."

రాజవ్వ నోటికి అడ్డు లేదు. కానీ రాత్రి భోజనాలయ్యాక ప్రయత్నం చేశాను. సముద్రం నీలంగా ఉంది అని రాశాను. కొట్టేశాను. కనకయ్య ఏడ్చాడు అని రాశాను. అదీ కొట్టేశాను. కోడు రాయమంటే రాస్తాను గానీ పోశంలా అబద్ధం చెప్పడం నాకు రాదు.

కూర్పు 33, రెండోసారి

మార్పులు ఏమీ లేవు. గొడవే ఉంది.

చివరి భాగం సగమే అయినా చదువుదామని పంచాయితీ అనుకుంది. ఎవరు చదవాలన్న దగ్గర అందరూ నా వైపు చూశారు. నేను మైకు ముందు ఎన్నడూ కూర్చోలేదు. ఆయన కూర్చున్నప్పుడు నేను ఇంట్లో పొయ్యి ముందు ఉండేదాన్ని. అది కూడా ఊరందరికీ తెలుసు. ఎందుకంటే ప్రతి శనివారం కథ అయ్యాక, మైకు ఆపడం మరిచిపోయి, "సారక్కా, చాయ్ పెట్టినవా?" అని అడిగేవాడు. అది గని మొత్తం వినిపించేది. ఈ చివర నుంచి ఆ చివర దాకా జనం "పెట్టింది! పెట్టింది!" అని అరిచేవాళ్లు. "అయ్యో, మైకు బంద్ చేసుడు మర్చిపోయిన," అని ఆయన నాలుక కరుచుకునేవాడు. అప్పుడు ఫ్యాను తిరిగేది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

"మైకు బంద్ చేసి అడుగరాదా? మంది ముంగట నా ఇజ్జత్ తీస్తవు," అని ఇంటికి రాగానే విరుచుకుపడేదాన్ని.

"మర్చిపోయిన్నే," అనేవాడు, నవ్వుతూ, గ్లాసు చాపుతూ. ప్రతి వారం అదే.

ఇప్పుడు ఆ గ్లాసు నా దగ్గరే ఉంది. దాంట్లో స్క్రూలు వేసుకుంటున్నాను.

అలవాటు పడాలని మైకు గది తలుపు మూసుకుని రాజవ్వ ముందు, ఓదెలన్న ముందు పాత భాగం ఒకటి చదివి చూశాను. మైకు గదిలో తెర దానంతట అదే పైకి జరుగుతుంది. పోశం తన నోటి వేగానికి బిగించుకున్న మర అది, ఎవరూ ముట్టలేదు. తెర జరిగినట్టే చదువుకుంటూ పోయాను. అయిపోయింది. ఓదెలన్న గడియారం చూసి పెదవి విరిచాడు.

"గిప్పుడే అయిపాయెనా? మా పోశం సదివితే, అయిపోంగనే నేను స్విచ్చు మీద చెయ్యేసుడే ఉండె. ఫ్యాను ఆగినంతసేపు సరిగ్గ నడిచేది. నువ్వు సగంలనే దిగిపోయినవు."

"జల్ది సదివిన్నేమో."

"జల్ది కాదే పిల్లా," అంది రాజవ్వ. "వాడు ఊకుండేటోడు. మాట చెప్పి ఊకుండేటోడు. గప్పుడే నా గుండె కొట్టుకునేది. నీ సదువుల ఊకుండుడు ఏది?"

నేను పొయ్యి దగ్గర ఆ ఊరుకోవడాలు విన్నాను. నీళ్లు తాగుతున్నాడు అనుకున్నాను. తెర ఒకే వేగంతో జరిగేటప్పుడు మనిషి ఊరుకోవాలంటే తెర మీద ఖాళీ ఉండాలి. ఖాళీ ఉంటేనే నోటికి విరామం. ఆయన ఖాళీలు రాసుకున్నాడు. మేం వాటిని మింగేశాం.

కూర్పు 34 కావలసింది

తీగ మీద మా వంతు రాగానే కోటేశ్వరికి అంతా చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"అక్కా, ఆ కోడు నీ ఒక్కదానిదీ నా ఒక్కదానిదీ కాదుగా," అంది. "ఇక్కడ ఒక్క ముక్క కదిపితే అన్ని గనుల తెరలూ కదులుతాయి. పంపు మనిషికి లెక్కలు రెండు పేజీలకు పాకితే, వాడు కింది వరుస చూడక నీళ్లు పొంగిస్తే, ఎవరిది పాపం?"

"మరి నేను ఏరే కాపీ పెట్టుకుంట. నా ఖాళీలు నాకు చాలు."

"పెట్టుకో. అడ్డెవరు? కానీ రేపు నేను ఏది బాగుచేసినా నీ కాపీకి రాదు. ఒక్కదానివే మోయాలి. ఎన్నాళ్లు మోస్తావు?"

నిజమే. ఒకరి కోడు అందరికీ పనికిరావడం అన్నదే మా తేటకు ప్రాణం. దాన్ని నేనే విరగ్గొట్టాలా? నేను మాట్లాడకపోవడం ఆమె ఎప్పుడూ వినలేదు కాబట్టి భయపడింది.

"అక్కా? ఉన్నావా? ఏడుస్తన్నావా?"

"లేదు. ఉల్లిగడ్డలు కోస్తున్న."

"గనిలో ఉల్లిగడ్డలు ఎక్కడివమ్మా, అబద్ధాలు ఆడితే ఆడావు, కాస్త నమ్మేట్టు ఆడు." తర్వాత గొంతు తగ్గించింది. "ఒక మాట చెప్పనా? మా బడి పంతులమ్మ కూడా మొన్న గొడవ పెట్టుకుంది. పిల్లల పద్యాలన్నీ ఒక్క ముద్దయిపోయాయంట. పాదం ఎక్కడ ముగిసిందో తెలీట్లేదంట. నేను పట్టించుకోలా. పద్యాలేగా అనుకున్నా."

"అయితే?"

"అయితే ఏముంది, ఖాళీ కూడా రాసినోడు రాసిందే అని ఒప్పుకోవాలి. ఖాళీని ఉంచాలా మింగాలా అన్నది ఫైలే చెప్పేట్టు చేస్తా. పంపు లెక్కలకు మింగుతుంది, కథకు మింగదు. అన్ని గనులూ ఒప్పుకోవాలిగా, అడుగుతా. ఫ్యాను ఎప్పుడు మారుస్తారు?"

"వచ్చే శనివారం."

"వామ్మో," అంది కోటేశ్వరి.

కూర్పు 34

మార్పులు: ఖాళీని ముట్టుకోము. రాసినవాళ్లు ఉంచమంటే ఉంచుతాం, వరుసైనా సరే, పేజీలైనా సరే. మూడు ఖాళీ పేజీల తర్వాత 'సమాప్తం' అనే తొందరపాటు కూడా తీసేశాం.

ఇది శనివారం సాయంత్రం వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే ఓదెలన్న స్విచ్చు దగ్గరికి నడుస్తుండగా వచ్చింది. తొమ్మిదో గనివాళ్లు ఒప్పుకోవడానికి ఏడిపించారట. వాళ్ల వంతు తీగ మా కోసం వదులుకునేలా చేసి మరీ కోటేశ్వరి పంపింది. పరీక్షించే సమయం లేదు. మైకు గదికి పరుగెత్తి, తెరకు తగిలించి, కుర్చీలో పడ్డాను. జనం గదులు వదిలి నడి దారిలోకి వచ్చి కూర్చున్నారు. ఎక్కువసేపు కూర్చోలేని రాజవ్వను మంచంతో సహా మోసుకొచ్చి మైకు గది గడప ముందు దించారు.

ఫ్యాను ఆగింది.

పోశం చివరి భాగం మొదలుపెట్టాను. పరుగెత్తి వచ్చిన ఆయాసంతోనే మొదటి వాక్యాలు చదివాను. తర్వాత ఖాళీ వచ్చింది. తెర నింపాదిగా జరుగుతోంది, చదవడానికి ఏమీ లేదు. నేను ఊరుకున్నాను, ఊరు కూడా ఊరుకుంది. ఆ ఖాళీ అయ్యేసరికి నా ఊపిరి కుదురుకుని ఉంది. మళ్లీ మాటలు. మళ్లీ ఖాళీ. కనకయ్య సైకిలు నెట్టుకుంటూ దిబ్బ ఎక్కుతుంటే, ఎక్కడ అలసిపోతాడో అక్కడ పోశం ఖాళీ పెట్టాడు. ఇన్నేళ్లూ పొయ్యి ముందు ఉండి సరిగా వినని మనిషిని ఇప్పుడు విన్నాను. ఎంత బాగా చదివేవాడు! ఒక్క మాట కూడా చెప్పలేదు ఆయనకు.

"సైకిలు దిగిండు. స్టాండు ఏసిండు. నిలవడి విన్నడు."

అయిపోయింది అని చెప్పబోయాను. తెర ఆగలేదు, జరుగుతూనే ఉంది. ఒక ఖాళీ పేజీ పోయింది. కంపెనీవాళ్లు అతికించినవే అయి ఉంటాయి అనుకున్నాను. అయినా ఊరుకున్నాను. ఇంకో పేజీ. మరో పేజీ.

గనిలో ఎవరూ దగ్గలేదు. ఏ పిల్లా ఏడవలేదు. అప్పుడు వినిపించింది. గాలి బావిలోంచి గాలి తనంతట తాను దిగుతోంది. ఫ్యాను లేకుండా, ఎవరూ తిప్పకుండా. వస్తుంది, ఆగుతుంది, వెనక్కి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఎన్ని శనివారాలు వచ్చిందో, ఎవరమూ వినలేదు, భయపడటానికే సరిపోయింది.

"గదేనా బిడ్డ, సముద్రం?" అంది రాజవ్వ మెల్లగా. మైకులో అందరికీ వినిపించింది. ఎవరూ కాదనలేదు.

ఇంకా ఖాళీ పేజీలు పోతున్నాయి. ఓదెలన్న స్విచ్చు మీద చెయ్యి వేసి నా వైపు చూస్తున్నాడు. తెర అడుగు నుంచి ఒకే ఒక్క వరుస పైకి వచ్చింది. కళ్లకంటే ముందు నోరు చదివేసింది.

"సారక్కా, చాయ్ పెట్టినవా?"

నా పేరు నా నోటితోనే మైకులో పిలిచాను. తర్వాత గడప అవతల మంచం మీది నుంచి రాజవ్వ, ఉన్న బలమంతా కూడదీసుకుని, "పెట్టింది కొడుకా!" అని అరిచింది. అంతే, ఈ చివర నుంచి ఆ చివర దాకా "పెట్టింది! పెట్టింది!" అని గని గని అంతా లేచింది. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో వాళ్లకే తెలియాలి. ఓదెలన్న మొహం తుడుచుకుని, పక్కనే బిగించి ఉంచిన కొత్త ఫ్యాను స్విచ్చు వేశాడు. ఆ మోతలో అరుపులన్నీ కలిసిపోయాయి. నోళ్లు మాత్రం ఇంకాసేపు ఆడుతూ కనిపించాయి.

కూర్పు 34, తర్వాత

మార్పులు లేవు. కొత్త ఫ్యాను బాగా తిరుగుతోంది. పిల్లల దగ్గు నిజంగానే తగ్గింది.

కోటేశ్వరి తీగ మీద ఏమైందో చెప్పమని ఒకటే గోల. కొత్త ఫ్యాను మోత ఇంకా ఎక్కువ, ఆమెకు సగం వినపడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, చదువుకుంటుంది.

ఆ రోజు ఇంటికి వచ్చి స్క్రూలు కాగితంలో పోసి గ్లాసు కడిగాను. తర్వాత కనకయ్య భాగాలన్నీ మొదటి నుంచి కొత్త కూర్పులో తెరిచాను, ఒక్కొక్కటిగా, చివరి దాకా జరిపి. ప్రతి దాంట్లో కథ ముగిశాక ఖాళీ పేజీలు ఉన్నాయి, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, ఫ్యాను తిరిగే వేళకు సరిపోయేట్టు. ఆ ఖాళీల తర్వాత ప్రతి దాంట్లో అదే వరుస ఉంది. సారక్కా, చాయ్ పెట్టినవా?

దాని కింద జనం అరవడానికి ఇంత ఖాళీ వదిలాడు. ఆ ఖాళీ కింద ఇంకో వరుస కూడా ఉంది. శనివారం ఫ్యాను తిరగడంతో నేను అక్కడిదాకా చూడలేదు. "అయ్యో, మైకు బంద్ చేసుడు మర్చిపోయిన."

మర్చిపోయిన అని రాసుకున్నాడు. వారం వారం, ఒక్కసారి కూడా మరిచిపోకుండా రాసుకున్నాడు.